మూయని పిడికిలి

మొన్న మంగలి షాపులో గడ్డం గీయించుకుంటుంటే టీవీలో వార్తలు వస్తున్నాయి. ఒక పెద్ద మైదానం, నిండా జనం. ఆడవాళ్ల తలలకు పూల దండలు, మగవాళ్ల తలలకు ఆకుల దండలు. అందరూ ఒక్కసారే పాడుతున్నారు. ఎత్తైన మంచె మీద ఒక మనిషి నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఆయన చెయ్యి లేస్తే మైదానం లేస్తోంది, చెయ్యి దిగితే అంత జనమూ గుసగుసలోకి దిగుతోంది. వార్తలు చదివే అమ్మాయి ఆ దేశం పేరు పలికింది. లాట్వియా. పోయిన దేశం మళ్లీ పటం మీదికి వచ్చిందట, అందుకని పాడుతున్నారట.

నేను దిగ్గున లేవబోయాను.

"తాతా, తలకాయ కదిలియ్యకు. చేతుల కత్తున్నది," అన్నాడు మంగలి నర్సింలు.

"ఆ దేశం నాకు తెలుసురా, నర్సింలూ."

"ఎట్ల తెలుసు? పోయొచ్చినవా?"

"పోయిన. ఆ మంచె గూడ ఎక్కిన."

నర్సింలు కత్తి ఆపి అద్దంలో నా మొహం చూశాడు. వాడికి నా సంగతి తెలుసు. మీకూ తెలియడం మంచిది, ముందే చెప్పేస్తున్నాను. నేను ఎక్కడికీ పోలేదు. జన్మలో దాటిన పెద్ద నీళ్లు కృష్ణ ఒక్కటే, అదీ పుట్టిలో కూర్చొని, కళ్లు మూసుకొని. నేను ఆ దేశానికి పోలేదు గానీ, ఆ దేశం మా వనపర్తికి వచ్చింది. ఒక్క మనిషిగా వచ్చింది.

మాది గద్వాల, మగ్గాల ఇల్లు. నాకు మగ్గం పట్టుబడక వనపర్తి మిషన్ దవాఖానలో మందులు కలిపే పనికి కుదిరాను. ఆయన ఆ మిషన్ బడికి పాటల మాస్టరుగా వచ్చాడు, రెండో ప్రపంచ లడాయి మొదలుకాక ముందు. పాదిరి కాదు. బైబిలు చంకలో పెట్టుకొని తిరగడం నేను చూడలేదు. ఆయన చంకలో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే చేతులు రెండూ గాలిలో ఉండేవి. పేరు ఎవరి నోటికీ తిరగలేదు. కొన్నాళ్లు దిద్ది, విసిగి, చివరికి ఊరు పెట్టిన పేరుకే పలకడం నేర్చుకున్నాడు. పిట్టల దొర.

మా వైపు అసలు పిట్టల దొర వేరే ఉంటాడు. చినిగిన ఖాకీ కోటు, కట్టె తుపాకీ, నోటినిండా కోతలు. ఊరూరా తిరిగి నవ్వించి అడుక్కునేవాడు. ఆ లెక్కన ఆ పేరు నాకు పెట్టాలి. ఈయనకు పెట్టింది గోపాల్‌పేట సాయమ్మ. ఆమె మిషన్ వాళ్ల చేలల్లో కలుపు తీసేది. మిషన్ పనివాళ్లం కొందరితో పాటల జట్టు కట్టిన మొదటిరోజు ఆయన మా ముందు నిలబడి చేతులు ఊపగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మంచె మీద నిలబడి జొన్నచేన్ల పిట్టలు గొడుతున్నట్టే ఉన్నడు పిలగా ఈన. చేతుల వడిసెల ఒక్కటే తక్వ."

మనిషి ఆరున్నర అడుగులు ఉండేవాడు, వంగకపోతే బడి గుమ్మం పట్టేది కాదు అని నేను చాలామందికి చెప్పాను. ఆయన ఎత్తు నేను చెప్పేటప్పుడల్లా కొంచెం పెరుగుతూ వచ్చింది. నిజానికి నాకంటే బెత్తెడు ఎత్తు. గుమ్మం దగ్గర వంగేమాట మాత్రం నిజం. తగులుతుందని కాదు, భయానికి. ఎక్కడికి పోయినా ముందు తల వంచి, తర్వాత లోపలికి చూసి, ఆ తర్వాత అడుగు పెట్టేవాడు.

జేబులో ఒక ఇనుప చిమ్టా ఉండేది, రెండు కొనలది. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా మోగేది. అందులోంచి శ్రుతి తీసుకొని మాకు ఇచ్చేవాడు. దవాఖాన పక్కనే కదా బడి, చెవిపోటు వచ్చినవాళ్లు ఆ చిమ్టాతో నయమవుతుందని ఆయన దగ్గర లైను కట్టారు. ఆయన వద్దనలేదు. ఒక్కొక్కరి చెవి దగ్గర మోగించి, తల ఊపి, పంపేవాడు. ఒక ముసలమ్మ పంటికి కూడా పెట్టమంది. పెట్టాడు. పన్ను ఝుమ్మని, ఆమె దవాఖాన గేటు దాకా పరిగెత్తింది. నొప్పి పోయిందనే చెప్పింది మరి.

ఆయన తెలుగు మా దగ్గరే నేర్చుకున్నాడు గనక మా తెలుగే వచ్చింది. అందులో ఎక్కువ వాడిన మాటలు రెండు. "మల్ల", "సన్నగ". ఒక ముక్క పాడగానే మల్ల. అది పాడగానే మల్ల. గొంతు లేపితే సన్నగ. పొద్దుగుంకే వేళ బడి వరండాలో ఆయన మల్ల మల్ల అంటుంటే దవాఖాన మంచాల మీద రోగులు కూడా గొణిగేవారు, "ఇగ చాలురా నాయనా, వాళ్లను ఇడ్సిపెట్టు."

మా జట్టులో రెండు వందల మందిమి అని చెప్పడం నాకు అలవాటు. వరండాకు సగం కూడా నిండేవాళ్లం కాదు. సాయమ్మ, ఆమెతో కలుపుకు వచ్చే ఆడవాళ్లు, దర్జీ ఖాసిం, బడి పంతుళ్లు కొందరు, దవాఖాన నుంచి నేను. ఖాసింది వేణువులాంటి గొంతు. నాది దున్నపోతు గొంతు. అటువంటి గొంతు కోసమే తను సముద్రాలు దాటి వచ్చానని దొర అన్నాడు. అన్నాడనే గుర్తు. పోనీ, అనకపోయినా నా వైపు చూసి నవ్వాడు.

మేం పాడిన పాట ఆయన కట్టిందే. మాటలు సాయమ్మవాళ్లు చేలో వానమబ్బును పిలుస్తూ పాడుకునేవి.

*దారి జూస్తిమే మొగులా, దారి జూస్తిమి*
*ఎండిన చేనికి నువ్వే సుట్టమని దారి జూస్తిమి*

ఆ మొగులు పాటను ఆయన చేను గట్టు మీద గొడుగు వేసుకొని కూర్చొని విన్నాడు, ఎండలో. తర్వాత దాన్ని నాలుగు పాయలుగా చీల్చాడు. పై గొంతు ఒక దారి, దాని కింద ఒకటి, ఖాసింకు ఒకటి, అన్నిటి అడుగున నాది. నాలుగూ ఒక్కసారే నడవాలి. అక్కడ పడింది పేచీ.

"దొరా, పక్కనోడు ఒక దారిన పాడుతుంటే నేను ఇంకో దారి పట్టుడు ఏంది?" అన్నాడు ఖాసిం. "కొట్లాటకు దిగినట్టుండదా?"

నిజంగానే మాకు అలా అనిపించేది. కాసేపు ఎవరి దారిన వాళ్లం నడిచి, ఒకరి తర్వాత ఒకరం మెల్లగా జరిగి సాయమ్మ గొంతులో కలిసిపోయేవాళ్లం, మర్యాదగా. దొర జుట్టు పీక్కునేవాడు. నేనే ఒకరోజు సాయమ్మకు నచ్చజెప్పాను.

"అక్కా, మా గద్వాల చీర జూసినవు గద? నడుమ నూలు, అంచు పట్టు. వేర్వేరుగ నేసి పోగుకు పోగు కలుపుతం. పాట గూడ గంతే."

"నేనెన్నడు గట్టుకున్ననయ్య గద్వాల చీర, నాకు తెల్వనీకి? సరే తియ్యి. నేను పట్టు అనుకుంట. నువ్వు నూలు. గోనెసంచి నూలు."

ఇంకొక పేచీ ఉంది, అది చివరిదాకా తెగలేదు. ఆయన చేతులు దించితే పాట ఆగాలి. మేం ఆగేవాళ్లం కాదు. మా భజనల్లో ముందు పాడేవాడికి దగ్గు వచ్చినా, దమ్ము అందకపోయినా, వెనకవాళ్లు ఆఖరి మాటను పట్టుకొని తిప్పుతూనే ఉంటారు. వాడు తేరుకొని మళ్లీ అందుకునేదాకా పాటను కింద పెట్టరు. అలవాటైన గొంతులు. చేతులు దిగాయంటే దొర అలిసిపోయాడనుకొని మేం ఇంకా గట్టిగా తిప్పేవాళ్లం. పాడనివాడు పాటకు పెద్ద ఎలా అవుతాడన్నదే మాకు అర్థంకాని రోజులవి. చివరికి ఆయన ఒక గుర్తు కనిపెట్టాడు. చెయ్యి పైకెత్తి, గాలిలో ఈగను పట్టినట్టు పిడికిలి మూసేవాడు. పిడికిలి మూస్తే పాట అయిపోయినట్టు. అది మాత్రం మాకు పట్టుబడింది. పిడికిలి పడగానే ఎంత నిశ్శబ్దమంటే, వరండా చూరులో పిచ్చుకలు కూడా గూళ్లు సర్దుకోవడం మానేసేవి. పిచ్చుకల మాట నేను కలిపిందే.

లడాయి ముదిరింది. మన దేశంలో ఉన్న జర్మనీ వాళ్లను ఇంగ్లీషు సర్కారు ఎక్కడికక్కడ పట్టుకొని ముళ్లకంచెలో పెడుతున్నారని వార్త. ఎవరు పెట్టారో తెలియదు గానీ, మా దొర మీద ఒక అర్జీ పైకి పోయింది. తెల్లోడొకడు నోరు మెదపకుండా చేతులతో గుర్తులు చేస్తూ మనుషులకు సిపాయిల కవాయతు నేర్పిస్తున్నాడని. అమీన్ సాబ్ వచ్చాడు. పోలీసు పెద్దే గానీ పీచు మనిషి, ఉబ్బసం. నా దగ్గరే మందు తీసుకునేవాడు. ఉర్సు జరిగే రోజుల్లో దర్గాలో ఖవ్వాలీ వింటూ ముందు వరుసలో కూర్చునేవాడు. ఆ రోజు వరండా చివర నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏంది దొరా ఇది? నువ్వు చెయ్యి లేపితే వీళ్లు లేస్తరు, నువ్వు తిప్పితే తిరుగుతరు. పాటంటవు. పాటైతే నువ్వెందుకు పాడవు?"

దానికి జవాబు చెప్పేంత తెలుగు దొర దగ్గర లేదు. "నేను వింట," అన్నాడు చివరికి.

"వినేటోనికి చేతులెందుకు?"

అది అయ్యాక అమీన్ సాబ్ బడి గోడకున్న పటం దించమన్నాడు. "ఏ దేశమో చూపెట్టు." ఆ పటం దొరకంటే పాతది. ఆయన దేశం దేశమయ్యేటప్పటికే అది గోడ మీద ఉంది. దొర సముద్రం ఒడ్డున గోరు పెట్టాడు. ఆ గోరు కింద వేరే దేశం పేరు ఉంది.

"మొదలు రష్యావోడు తీస్కుండె అంటవు. ఇప్పుడు జర్మనోడు తీస్కుండె. మరి నిన్ను ఎవల కింద రాయాలె నేను?"

"లాట్వియా."

"అది లేదు గద, దొరా!"

"మా అమ్మ ఉన్నది అక్కడ," అన్నాడాయన.

అమీన్ సాబ్ పటం చుట్టి పక్కన పెట్టాడు. బయటికి వచ్చాక నాతో అన్నాడు, "పరేషాన్ జేస్తుండు మీ దొర. జర్మనోడని రాస్తే పట్కపోతరు. కాదని రాస్తే రేపు నా నౌకరి పోతది. పైనుంచి పెద్ద సాబ్ వచ్చి చూస్తడు. గప్పటిదాంక ఊరు దాటొద్దని చెప్పు."

అప్పటినుంచి మా అందరికీ ఒకటే గుబులు. పెద్ద సాబ్ ఎప్పుడు వస్తాడు, వస్తే ఏం చేస్తాడు. దొర గదిలో ట్రంకుపెట్టె తాడుతో కట్టి తలుపు పక్కకు చేరింది. ఆయన బూట్లు విప్పడం మానేశాడు. రోజూ టపా వచ్చే వేళకు దవాఖాన గేటు దగ్గర నిలబడేవాడు. టపా మనిషి దూరంనుంచే చెయ్యి ఊపేవాడు, ఉత్తరం లేదు అని. ఆ చెయ్యి ఊపిన తీరు చూసి దొర ఒకసారి నవ్వాడు. "ఆయనకు గూడ వస్తది," అన్నాడు. "మంచిగ ఊపుతడు."

జట్టు పల్చబడింది. పంతుళ్లు రావడం మానేశారు. ఖాసిం రోజూ వచ్చి, రోజూ "రేపటినుంచి రాను" అనేవాడు. వరండా మెట్ల మీద ఒక జవాను కూర్చునేవాడు. దొర చేతులు వణకడం మొదలైంది. మాకు ఆయన వేలు కదిలినా గుర్తే కదా, అది కూడా కొత్త గుర్తనుకొని మేం గొంతులు వణికించాం, శ్రద్ధగా. ఆయన ఆపి, చేతులు వెనక్కి దాచుకొని, "అది కాదు," అన్నాడు. "అది నాది."

"మల్ల అను దొరా," అంది సాయమ్మ. "నువ్వు మల్ల అనకుంటే మాకు తోచదు."

పెద్ద సాబ్ ఒక మధ్యాహ్నం పాలమూరునుంచి దిగాడు. వరండాలో కుర్చీ వేశారు. పక్కన అమీన్ సాబ్ నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. మేం కుర్చీకి ఒక పక్కగా, గేటు వైపు వీపులు పెట్టి నిలబడ్డాం. దొర మాకు ఎదురుగా. నేర్పేది పాటో కవాయతో చూసి తేలుద్దామని వచ్చారు. ఆయన చిమ్టా మోకాలికి కొట్టుకున్నాడు. మొదటిసారి మోగలేదు.

మొగులు పాట ఎత్తుకున్నాం. మొదటి ముక్క బాగానే పోయింది. రెండోదానికి అందరం భయపడి సాయమ్మ గొంతులోకి జరుగుతున్నాం. అప్పుడు దొర కళ్లు మా తలల మీదుగా గేటు వైపు పోయాయి. మాకు కనిపించలేదు, తర్వాత తెలిసింది. ఇద్దరు జవాన్లు ఆయన ట్రంకుపెట్టె మోసుకొచ్చి గేటు దగ్గర పెట్టారు. పాట ఇంకా సగంలోనే ఉంది, పెట్టె మాత్రం బయలుదేరింది.

ఆయన చేతులు దిగిపోయాయి.

ఆయన దేశంలో అయితే అంత మైదానమూ ఆగేదట. మేం ఆగలేదు. ముందటివాడికి దమ్ము అందలేదు, అంతే మాకు తెలిసింది. *దారి జూస్తిమి* అని పట్టుకొని తిప్పాం. చూడడానికి చేతులు లేవు గనక ఒకరినొకరం వినాల్సి వచ్చింది. సాయమ్మ పైన ఎక్కడో నిలబడింది. ఖాసిం ఆమెను వదిలి తన దారి పట్టుకున్నాడు. నేను అడుగున నా గోనెసంచి నూలు పరిచాను. ఇన్నాళ్లూ మల్ల మల్ల అన్నా కుదరనిది ఆ పూట కుదిరింది. నాలుగు పాయలూ ఒక్క నీరుగా వచ్చాయి. దొర చేతులు వేలాడేసుకొని వింటున్నాడు. ఆ పొద్దు నిజంగానే ఆయనకు వినడం తప్ప పని లేదు.

అమీన్ సాబ్ కుర్చీ మీదికి వంగాడు. "హుజూర్, ఇది కవాయతు కాదు. మన ఖవ్వాలీ సంగతే. ముందటాయన ఊపిరి తీస్కుంటుండు, వెనకోళ్లు సంభాళిస్తుండ్రు."

ఇక్కడినుంచి నేను చెప్పే కథ ఒకటుంది. గద్వాలలో చెప్పాను, నాగర్‌కర్నూలులో మా బిడ్డ అత్తగారింట్లో చెప్పాను, బస్సుల్లో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాను. పెద్ద సాబ్ రుమాలుతో కళ్లొత్తుకుంటాడు. లేచి దొరను కావలించుకుంటాడు. కాగితాలు చించేస్తాడు. ఒకసారి, ఎదుటివాళ్లు మరీ బాగా వింటున్నారని, పెద్ద సాబ్‌తో రెండు ముక్కలు పాడించాను కూడా.

పెద్ద సాబ్ పాడలేదు. ఏడవలేదు. సిగరెట్టు అయ్యేదాకా విన్నాడు. విని, "మంచిగున్నది," అన్నాడు. "పాట మీద షికాయతు లేదు. కాగితం మీదున్నది. ఈయన మావోడని చెప్పనీకి ఒక దేశమన్న ఉండాలె."

"మావోడే అని మేమంటం సాబ్," అంది సాయమ్మ. పాడుతూ పాడుతూ మధ్యలో అంది. ఆమె ఆగినంతసేపు మిగతా ఆడవాళ్లు ఆమె దారి పట్టుకున్నారు.

"నీదే దేశమమ్మా?"

"గోపాల్‌పేట."

పెద్ద సాబ్ నవ్వాడు. నవ్వి, దొరను ముళ్లకంచెకు పంపే కాగితం మీద సంతకం పెట్టాడు. అమీన్ సాబ్ మా వైపు చూడలేదు.

అప్పట్లో పెట్రోలు దొరక్క మోటారు బస్సులు బొగ్గుతో నడిచేవి. స్టేషనుకు పోయే బస్సు గేటు ముందే ఆగి ఉంది. వెనకున్న పొయ్యి రాజుకుంటే గానీ కదలదు. క్లీనరు పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పుతున్నాడు, పొగ వస్తోంది, బండి కదలదు. దొరను కిటికీ పక్కన కూర్చోబెట్టారు, పక్కన జవాను. మేం బస్సు చుట్టూ నిలబడ్డాం, ఇంకా పాడుతూనే. ఆపడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆపితే అయిపోయినట్టే కదా. పొయ్యి రాజుకోవద్దని నేను మనసులో మొక్కుకున్నాను. "జర ఆగి తిప్పవోయ్," అని ఖాసిం క్లీనరు చెవిలో అన్నాడు. వాడు పాపం ఆగాడు. డ్రైవరు తిట్టాడు. మళ్లీ తిప్పాడు.

బండి దడదడమంది. దొర కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పైకెత్తాడు. మేమందరం ఆ చెయ్యినే చూస్తున్నాం. అలవాటు ప్రకారం పిడికిలి మూస్తాడు, మేం ఆగుతాం. వేళ్లు ఐదూ విప్పే ఉన్నాయి. వణకడం లేదు. బస్సు కదిలింది, దుమ్ము లేచింది, ఆ చెయ్యి అలాగే విప్పి ఉండగానే మూల తిరిగిపోయింది.

మేం పాడుకుంటూ వెనక్కి నడిచాం. ఒక్కో మలుపు దగ్గర ఒక్కో గొంతు విడిపోయింది. ఖాసిం బజారు వైపు తన పాయ తీసుకుపోయాడు. సాయమ్మ గోపాల్‌పేట దారి పట్టింది, చాలా దూరం దాకా వినిపించింది. నేను దవాఖానలోకి పోయి, అడుగు గొంతుతో ఒక్కణ్నే, సాయంత్రం మందులు కలిపాను. ఈ ముక్కలో నేను ఏమీ కలపలేదు.

ఆయన ఏమయ్యాడో తెలియదు. ఉత్తరం వచ్చిందని చెప్పుకున్నాను. రాలేదు. ముళ్లకంచె వెనక ఖైదీలతో జట్టు కట్టాడని చెప్పుకున్నాను. అది నా ఊహ, కానీ కట్టకుండా ఉంటాడా? అమీన్ సాబ్ మాత్రం ఉబ్బసం మందుకు వచ్చిన ప్రతిసారీ, సీసా తీసుకొని, పోకుండా నిలబడి, "ఖబర్ ఏమన్న వచ్చెనా?" అని అడిగేవాడు. లేదంటే దగ్గుకుంటూ పోయేవాడు.

మంగలి షాపు టీవీలో ఆ మంచె మీది మనిషి చెయ్యి పైకెత్తాడు. తెల్లటి వెంట్రుకలు. మా దొర కాదు, ఆయన బతికుంటే ఇప్పటికి నూరేళ్లకు దగ్గర పడతాడు. అయినా నా అడుగు గొంతు దానంతట అదే మొగులు పాట ఎత్తుకుంది. ఆ చెయ్యి గాలిలో ఈగను పట్టినట్టు పిడికిలి మూసుకుంది. అంత మైదానమూ టక్కున ఆగింది.

"తాతా," అన్నాడు నర్సింలు, "పాట అయిపాయె. నువ్వేంది ఇంకా గుర్రుమంటున్నవు? జర నోరు ముయ్యి, మీసం కాడ గియ్యాలె."

నేను మూయలేదు. ఆ పిడికిలి మా దొరది కాదు.